నీటి అడుగున నిముషముల లెక్క

గడియారమను మాటలోనే గడియ ఇమిడియున్నది. గడియ యనగా 24 నిముషములు. ఆ కాలమును కొలుచుటకు మన పూర్వులు నీటినే నమ్ముకొనిరి. అడుగున సన్నని బెజ్జముగల రాగిగిన్నెను నీటిపై తేలవిడిచెడివారు. బెజ్జముగుండ నీరెక్కి ఆ గిన్నె మునుగుటకు పట్టు కాలము ఒక గడియ. దానిని గడియ కుడుక యనిరి. పెండ్లి ముహూర్తములకు సయితము ఆ కుడుకయే ప్రమాణమై యుండెను. నీరు లోనికి రానిదే ఆ యంత్రమునకు పని లేదు. మేము నేడు ముచ్చటింపబోవు గడియారముల సంగతి దీనికి తలక్రిందులు. వాని చరిత్ర యంతయు నీటిని లోనికి రానీయకుండుటకై పడిన పాటుల చరిత్ర.

ఇవి సముద్రములో మునిగి పనిచేయు గజ ఈతగాండ్రకై చేసిన చేతి గడియారములు. 1950, 60ల నాటివానిని వెదకి, కొని, భద్రపరచువారు నేడు ఐరోపాలోను అమెరికాలోను జపానులోను పెక్కురు కలరు. ఒకనాడు పనిముట్లుగా సామాన్యపు వెలకు అమ్మినవి ఇప్పుడు వేలములలో గొప్ప వెలలకు పోవుచున్నవి. వెల సంగతి అటుంచుదము. ఉక్కుతో చేసిన ఈ పనిముట్లపై ఇంత ఆదరమేల యని అడుగువారికి, నీటి అడుగున ఒక నిముషము విలువ ఏపాటిదో ముందుగా చెప్పవలసియుండును.

నీటిలో 10 మీటర్ల లోతునకు దిగినవానిపై ఒత్తిడి భూమిమీది దానికి రెట్టింపగును. 30 మీటర్ల వద్ద నాలుగు రెట్లు. వీపున కట్టుకొన్న సిలిండరులోని గాలి పైన గంటసేపు వచ్చునదైనచో, ఆ లోతున పావుగంటకే ముగియును. ఇది యొక గండము. రెండవ గండము కంటికి కనబడదు. ఒత్తిడిలో పీల్చిన గాలియందలి నత్రజని రక్తములోను కండరములలోను కరగును. మెల్లగా పైకి వచ్చువానికి అది ఊపిరితో వెలికిపోవును. తొందరపడి వచ్చువానికి, సోడాబుడ్డి కొట్టినప్పుడు బుడగలు పొంగునట్లు, ఒడలిలోనే బుడగలు పుట్టును. కీళ్ళ నొప్పులతో మొదలై పక్షవాతమునకు, ఒక్కొక్కప్పుడు మరణమునకు దారితీయును. 1908లో బ్రిటిషు శాస్త్రజ్ఞుడు జాన్ స్కాట్ హాల్డేన్, మేకలపై పరీక్షలు జరిపిన మీదట, ఎంత లోతున ఎంతసేపు ఉన్నవాడు ఎచ్చటెచ్చట ఆగుచు పైకి రావలెనో తెలుపు పట్టికలను ప్రకటించెను. తరువాతి కాలమున అమెరికా నౌకాదళము వాడిన పట్టిక ననుసరించి, 60 అడుగుల లోతున 60 నిముషములుండి, నడుమ ఆగకుండ పైకి రావచ్చును. 100 అడుగుల లోతునైనచో 25 నిముషములే. ఆ 25వ నిముషము ఎప్పుడు ముగిసినదో తెలియనివానికి పట్టిక యుండియు ఫలము లేదు. రేడియో కేంద్రమున పనిచేయు మాకును సెకనుల ముల్లుతో ప్రొద్దస్తమానము పని. కాని మా లెక్క తప్పినచో జరుగు నష్టము తరువాతి పాట అర నిముషము ఆలస్యమగుట మాత్రమే.

నీరు చొరని గడియారమునకై ప్రయత్నములు 1920లలో ముమ్మరమయ్యెను. గడియారములోనికి నీరు ప్రవేశించు త్రోవలు మూడు: అద్దపు అంచు, వెనుక మూత, కీ ఇచ్చు గుబ్బ. మొదటి రెంటిని ఒకసారి బిగించి విడువవచ్చును. గుబ్బను దినదినము త్రిప్పవలయును గనుక అదియే చిక్కు. 1926లో రోలెక్స్ సంస్థ ఆ గుబ్బను గూడ మరచుట్టుతో బిగించు కేసును వెలువరించి, ఆయిస్టర్ అని, అనగా ఆలుచిప్ప యని, పేరిడెను. మరుసటి సంవత్సరము అక్టోబరు 21న మెర్సిడీస్ గ్లైట్జ్ అను ఆంగ్ల యువతి ఇంగ్లీషు ఛానలును ఈదబోయినప్పుడు అట్టి గడియారమొకటి ఆమె మెడలో వ్రేలాడెను. ఆమె అంతకు రెండు వారములకు ముందే ఛానలును ఈదియుండెను. అంతలో మరియొకామె చేసిన బూటకపు ప్రకటన బయటపడగా, ఈమె మాటపై గూడ కొందరికి సందేహము కలిగెను. ఆ నింద బాపుకొనుటకై మరల నీటిలో దిగెను. గడ్డకట్టు చలిలో పది గంటలకు పైగా ఈదిన పిమ్మట ఆమెను పడవలోనికి లాగుకొనవలసి వచ్చెను. ఆవలి గట్టు చేరలేదు. గడియారము మాత్రము చక్కగా నడచుచుండెను. నవంబరు 24న డెయిలీ మెయిల్ పత్రిక మొదటి పుటలో ఆ గడియారపు ఘనతను చాటు ప్రకటన వెలువడెను. నాటి ఈత సఫలమైనట్లు చెప్పు కథలు నేటికిని వినవచ్చుచున్నవి. గడియారము కంటె ఆ పది గంటల ఓర్పునకే మేము ఎక్కువ విలువ నిత్తుము. ఏమైనను అది నీటిపై ఈత. నీటి అడుగున పని వేరు.

ఆ పనికి గడియారమును ముందుగా కోరినవారిలో ఇటలీ నౌకాదళమువారు ముఖ్యులు. ఫ్లారెన్సు నగరమందలి పానెరాయ్ సంస్థ 1930ల చివర వారికై 47 మిల్లీమీటర్ల వెడల్పుగల గడియారములను సమకూర్చెను. వానికి కేసులు చేసినది రోలెక్సువారే. పానెరాయ్ డయలు నిర్మాణము చిత్రమైనది. డయలునకు రెండు రేకులుండును. పై రేకులో అంకెలు, గుర్తులు కంతలుగా కత్తిరింపబడియుండును. రెంటి నడుమ నుంచిన రేడియపు పూత ఆ కంతలగుండ చీకటిలో వెలుగును.

ఇటలీ నౌకాదళపు ఈతయోధుల సాహసములలో కెల్ల పేరుపొందినది అలెగ్జాండ్రియా రేవుపై జరిపిన దాడి. 1941 డిసెంబరు 18 రాత్రి ఆరుగురు యోధులు, ఇద్దరేసి చొప్పున, మెల్లగా నడచు మూడు టార్పెడోలపై గుఱ్ఱమెక్కినట్లు కూర్చుండి ఆ రేవున ప్రవేశించిరి. వారిలో లూయిజీ దురాండ్ దె లా పెన్నె అను అధికారి, వేలియంట్ అను బ్రిటిషు యుద్ధనౌక క్రింద మందుగుండు నుంచి, కాల యంత్రమును కదలించి, పైకి తేలి, సహచరుడైన బియాంకితో గూడ పట్టువడెను. బ్రిటిషువారు ఇరువురిని ఆ నౌకలోనే, అడుగు భాగమున బంధించిరి. క్రింద ప్రేలుడు సామగ్రి యున్నదని ఎరిగియు దె లా పెన్నె ఆ గదిలో మౌనముగా కూర్చుండెను. మరి కొలది నిముషములలో ప్రేలుననగా నౌకాధిపతికి కబురంపి, మనుష్యులను కాపాడుకొనుడని మాత్రము చెప్పెను. మందుగుండు ఎచ్చటనున్నదో చెప్పలేదు. అనుకొన్న వేళకే వేలియంట్ దెబ్బతినెను; క్వీన్ ఎలిజబెత్ అను మరియొక నౌకయు అట్లే యయ్యెను. బందీలిరువురును బ్రతికి బయటపడిరి. కాలమును సరిగా లెక్కపెట్టుట యననేమో ఇంతకంటె గట్టిగా చెప్పు ఉదంతము మాకు తోచుట లేదు.

ఇంతవరకును ఇది సైనికుల గుట్టు. సామాన్యులు సముద్రగర్భమును చూచుటకు వీలు కలిగించినది 1943 నాటి ఆక్వాలంగ్. ఫ్రెంచి నౌకాధికారి జాక్ కూస్తో, ఇంజనీరు ఎమిల్ గాన్యాన్ కలిసి, కోరినప్పుడు మాత్రమే, చుట్టునున్న ఒత్తిడికి తగినంతగా గాలి నందించు ఈ సాధనమును రూపొందించిరి. యుద్ధము ముగిసిన పిమ్మట మధ్యధరా సముద్రతీరమున ఈ క్రీడ వేగముగా వ్యాపించెను. అట్లు మునుగుట నేర్చినవారిలో స్విట్జర్లాండునందలి బ్లాంపాన్ గడియారముల సంస్థ అధిపతి జాన్ జాక్ ఫీష్టెర్ ఒకడు. ఫ్రాన్సు దక్షిణ తీరమున ఒకసారి కాలము మరచి, సిలిండరులో గాలి ముగియువరకు అడుగుననే యుండి, ప్రాణములరచేత పట్టుకొని పైకి రావలసి వచ్చినదని ఆయనయే చెప్పియున్నాడు. గడియారములు చేయించువానికి గడియారము లేక కలిగిన గండమది. సరిగా అదే కాలమున ఫ్రాన్సు సైన్యమున ఈతయోధుల దళమును నెలకొల్పుచున్న రాబర్ట్ మలూబియే, క్లోద్ రిఫో అను అధికారులు, నల్లని డయలు, పెద్ద అంకెలు, త్రిప్పుటకు వీలగు అంచుగల గడియారమునకై వెదకుచుండిరి. వారు మొదట అడిగిన ఒక సంస్థవారు ఆ ఆలోచనకు భవిష్యత్తు లేదని త్రోసిపుచ్చిరి. 1953లో ఫీష్టెర్ చేయించిన గడియారము వారికి నచ్చెను. దాని పేరు ఫిఫ్టీ ఫాదమ్స్. ఫాదమ్ ఇంగ్లీషు నావికుల కొలత. రెండు చేతులను చాచినప్పటి వెడల్పు. మన బార యన్నను అదియే. కావున ఏబది బారల గడియారమని మనము నిస్సంశయముగా పిలువవచ్చును. అది ఇంచుమించు 91 మీటర్ల లోతు.

ఈ గడియారపు అమరికను కొంచెము నిదానముగా చూడదగును. అద్దము చుట్టునున్న వలయమును బెజెల్ అందురు. దానిపై నిముషములు గుర్తింపబడియుండును. నీటిలో దిగునప్పుడు వలయముపై నున్న సున్నను పెద్దముల్లునకు ఎదురుగా త్రిప్పి నిలుపుదురు. ఆ తరువాత ముల్లు ఏ గుర్తునకు ఎదురుగా వచ్చినచో అన్ని నిముషములు గడచినవన్నమాట. కూడికలు, తీసివేతలు అక్కరలేదు. లోతున నత్రజని వలన బుద్ధి మందగించును గనుక చిన్న లెక్క గూడ అచ్చట పెద్ద భారమే. అయితే ఏ రాతికో తగిలి ఆ వలయము తనంత తాను తిరిగినచో ముప్పు వచ్చును. ఫీష్టెర్ దానిని గట్టిగా నొక్కినగాని తిరుగనట్లు చేసెను. తరువాతి కాలమున పెక్కు సంస్థలు ఎడమవైపునకు మాత్రమే తిరుగు వలయములను అమర్చినవి. అది పొరపాటున కదలినను గడచిన కాలము ఉన్నదానికంటె హెచ్చుగానే కనబడును. మునిగినవాడు త్వరగా పైకి వచ్చునే గాని అడుగున ఆలస్యము చేయడు. యంత్రము తప్పినను ప్రాణమువైపే తప్పవలెనను ఈ ఏర్పాటు మాకు మిక్కిలి నచ్చినది. చేతి కదలికతో తనకు తానే కీ ఎక్కునట్లు చేయుటలోను ఇట్టి ముందుచూపే కలదు. గుబ్బను త్రిప్పు అవసరము తగ్గును. లోపలి రబ్బరు వాషరు అరుగుటయు తగ్గును.

1954లో స్విట్జర్లాండునందలి బాసెల్ సంతలో రోలెక్సువారు సబ్‌మెరీనర్‌ను ప్రదర్శించిరి. 1957లో ఒమేగా సీమాస్టర్ 300 వచ్చెను. 1965లో జపానునకు చెందిన సెయికో 150 మీటర్లకు తగిన గడియారమును వెలువరించెను. 1960 జనవరి 23న జాక్ పికార్డ్, డాన్ వాల్ష్ అనువారు ట్రియెస్ట్ అను నౌకలో పసిఫిక్ మహాసముద్రపు అత్యంత లోతైన చోటికి, సుమారు 10,900 మీటర్లు, దిగినప్పుడు దాని వెలుపల కట్టిన రోలెక్స్ గడియారము చెక్కుచెదరక తిరిగివచ్చెను. దానికి పనసతొనవలె ఉబ్బిన అద్దముండెను. చేతికి కట్టుకొనునది గాదు. ఇట్టి ఘనకార్యములకంటె 1967 నాటి డోక్సా గడియారము మాకు ముచ్చట గొలుపును. దాని డయలు నారింజరంగుది. నీటిలో ఆ రంగు బాగుగ కనబడునని దానిని ఎన్నుకొనిరి. బెజెల్‌పై రెండు వరుసలుండును: ఒకటి నిముషములు, రెండవది లోతులు. మేము ముందు చెప్పిన నౌకాదళపు పట్టికయే ఆ వలయముపై చెక్కబడియున్నది. పట్టికను చేతికి కట్టుకొని దిగుటయే అది.

ఇక వెలుగు సంగతి. చీకటిలో మెరయుదానినెల్ల మనవారు రేడియం అందురు. సైకిలు వెనుక అంటించు కాగితము సయితము మనకు రేడియమే. ఈ పలుకుబడి వెనుక ఒక విషాదమున్నది. మొదటి ప్రపంచయుద్ధకాలము నుండి గడియారపు డయళ్ళకు నిజమైన రేడియము కలిపిన పూత వాడిరి. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున ఆ పూత పూయు పని యువతులది. కుంచె కొనను పెదవులతో సన్నము చేసికొనుడని వారికి నేర్పిరి. ప్రతి అంకెకును కొంత రేడియము నోటిలోనికి పోయెను. ఏండ్లు గడచినకొలది పండ్లు ఊడి, దవడ ఎముకలు పుచ్చి, పలువురు మరణించిరి. గ్రేస్ ఫ్రైయర్ అను ఆమెయు మరి నలుగురును సంస్థపై అభియోగము తెచ్చిరి. 1928లో రాజీ కుదిరి పరిహారము లభించెను, ఆరోగ్యము లభింపలేదు. పాత గడియారపు డయలును చూచి మురియువారికి ఆ యువతుల పేరు తెలిసియుండుట న్యాయము.

1960లలో స్విస్ సంస్థలు రేడియమునకు బదులు ట్రిటియమును వాడజొచ్చెను. ఈ రెంటి నడుమనున్న భేదము సేకర్తకు ముఖ్యము. ట్రిటియము 12 సంవత్సరములకు కొంచెము పైగా గడచినంతనే సగమగును. 1965లో పూసిన దానిలో 2025 నాటికి మిగులునది నూటికి మూడు నాలుగు పాళ్ళు. కావున అది చీకటిలో మెరయదు, భయమును లేదు. రేడియము సగమగుటకు 1,600 సంవత్సరములు పట్టును. అయినను రేడియపు డయళ్ళు నేడు వెలుగుట లేదు. దానితో కలిపిన జింకు సల్ఫైడు ఆ కిరణముల దెబ్బకు చెడిపోవుటయే దీనికి కారణము. వెలుగు చచ్చినది గాని రేడియము దాదాపు అంతయు అట్లే యున్నది. అట్టి గడియారమును ఇంటిలో విప్పరాదు. రాలిన పొడి ఊపిరిలోనికి పోవుట ప్రమాదకరము. మూసిన పెట్టెలో పెక్కింటిని చేర్చినచో రేడాన్ వాయువు పోగగును గనుక గాలి ఆడుచోట ఉంచవలెను. బ్రిటిషు సైనిక గడియారములపై వృత్తములో నుండు టి అను ఆంగ్లాక్షరము ట్రిటియమునకు గుర్తు.

సైనిక గడియారములు అరుదగుటకు కారణము గూడ కొంత ఇదియే. 1960లలో అమెరికా నౌకాదళమునకై బ్లాంపాన్‌వారు చేసిన టోర్నెక్ రేవిల్ గడియారములు సుమారు వేయి మాత్రమే. రేడియోధార్మికత గలది, దొరికినచో సమీప సైనిక స్థావరమునకు అప్పగింపవలెనని వాని వెనుక మూతపైననే చెక్కించిరి. తిరిగివచ్చిన వానిలో చాలభాగమును నౌకాదళమే నాశనము చేసెను. ఏ నావికుని పెట్టెలోనో మరుగుపడినవి మాత్రము మిగిలినవి. ఆ డయలుపై ఆరు అంకె దగ్గర చిన్న బిళ్ళ యొకటి యుండును. లోపలికి చెమ్మ చేరినచో అందలి నీలిరంగు ఎర్రబారును. యంత్రము తన జబ్బును తానే చెప్పుకొను ఏర్పాటది. ఫ్రెంచి నౌకాదళము వాడిన ట్యూడర్ గడియారముల వెనుక ఎమ్. ఎన్. అను అక్షరములును సంవత్సరమును చెక్కబడియుండును. వానికి ఆ ఈతగాండ్రు పారాచూట్లలోని సాగు పట్టీలను కత్తిరించి కట్టుకొనిరి. మణికట్టుపై నున్న ఈత దుస్తు లోతున కుంచించుకొనినను సాగు పట్టీ వదులు గాదు.

1969 డిసెంబరులో సెయికో క్వార్ట్జ్ గడియారము అంగడికి వచ్చిన పిమ్మట కీ గడియారములకు కాలము తీరినట్లయ్యెను. 1980లలో లోతును కాలమును తామే లెక్కించు చిన్న కంప్యూటర్లు ఈతగాండ్రకు అందెను. పనినుండి తొలగిన తరువాతనే ఈ గడియారములు సేకర్తల కంటబడినవి. వెంటనే వివాదమును మొదలయ్యెను. గీతలుపడి, డయలు నలుపు గోధుమరంగునకు తిరిగి, తెల్లని పూత తేనెరంగైన గడియారమును బాగుచేయించవలెనా, ఉన్నదున్నట్లు ఉంచవలెనా?

బాగుచేయుట వేరు, క్రొత్తదిగా కనబడునట్లు చేయుట వేరని మా అభిప్రాయము. ఈతగాడు వాడుచున్న దినములలో పగిలిన అద్దమును, అరిగిన వాషరును, మసకబారిన ముళ్ళను మార్చిరి. అది ప్రాణరక్షణకై చేసిన పని. ఆ గడియారపు జీవితములో భాగము. బ్రిటిషు రక్షణశాఖవారు తమ పాత గడియారములు కొన్నింటిలో రేడియమును తొలగించి ట్రిటియము పూయించిన మాట ప్రసిద్ధము. అట్టి డయళ్ళను ఎవరును తప్పుపట్టరు. విక్రయమునకై కేసును సానబట్టి, పట్టీ తగిలించు కొమ్ముల అంచులను గుండ్రము చేసి, డయలునకు క్రొత్తరంగు వేయించుట మాత్రము చరిత్రను చెరుపుటయే. ఒకసారి సానబట్టిన ఉక్కు మరల పెరుగదు. ఇంతకంటె చెడ్డపని నాలుగు గడియారముల భాగములను కూర్చి ఐదవదానిని పుట్టించుట. అట్టివి అంగడిలో తక్కువ లేవు.

వానిని పట్టుకొనుటకు కొన్ని ఉపాయములు కలవు. ముళ్ళపై పూతయు డయలుపై పూతయు ఒకే వయసున, ఒకే రంగున ఉన్నవో లేవో చూడవలెను. వాడుకలో ముళ్ళు మార్చినచో తేడా యుండవచ్చును. అప్పుడు అమ్మువాడు ఆ మాట దాచకుండ చెప్పవలెను. అతినీలలోహిత దీపము చూపి ఆర్పిన పిమ్మట పాత ట్రిటియము వెంటనే మసకబారును. చాలసేపు దేదీప్యముగా వెలిగినచో అది 1990ల తరువాతి పూత. కొమ్ముల నడుమనో వెనుకనో ఉన్న సంఖ్య, యంత్రము, డయలు ఒకే కాలమునకు సరిపడవలెను. బ్రిటిషు సైన్యము కోరిన సబ్‌మెరీనర్లకు పట్టీ కడ్డీలు కేసునకే అతికింపబడియుండును, బెజెల్‌పై అరువది నిముషములకును గీతలుండును. ఊడదీయు కడ్డీలతో సైనిక గడియారమని అమ్మజూపువానిని రెండు ప్రశ్నలు అడుగుట మంచిది. తేనెరంగు పూతలను కృత్రిమముగా తయారుచేయువారును బయలుదేరిరి గనుక రంగొక్కటే సాక్ష్యము గాదు.

మూతపై 200 మీటర్లని చెక్కియున్నను ఏబది యేండ్ల రబ్బరును నమ్మి నీటిలో దిగరాదు. చేయి కడుగునప్పుడును తీసి ప్రక్కన పెట్టుట క్షేమము. పాత గడియారమును మరమ్మతునకు ఇచ్చువారు, మార్చిన భాగములను పారవేయవద్దని పనివానితో ముందే చెప్పి, అరిగిన గుబ్బను, మసకబారిన ముల్లును, చీలిన బేకలైటు వలయమును గూడ చిన్న పొట్లముగా కట్టించి, తేదీ వ్రాయించి, గడియారముతో కలిపి తెచ్చుకొనవలెను.